డేంజర్ అంటే ప్రమాదమేనా?

"డేంజర్‌కి తెలుగు ప్రమాదం. ఇందులో చర్చించడానికి ఏముంది?" అని నిన్న ఒక మిత్రుడు అడిగారు. ఇవాళ్టి వాడుకకు ఆ అర్థం సరిపోతుంది. పాత ఇంగ్లీషు చదివేటప్పుడే చిక్కంతా.

షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో కోర్టు సీను గుర్తుందా? వడ్డీవ్యాపారి షైలాక్‌కి బాకీపడ్డ ఆంటోనియోని, లాయరు వేషంలో వచ్చిన పోర్షియా అడుగుతుంది, నువ్వు ఇతని 'డేంజర్'లో ఉన్నావు కదా అని. అక్కడ 'ప్రమాదం' అని పెట్టి చదవండి, వాక్యం కుంటుతుంది. ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మూలం లాటిన్ 'డోమినుస్', అంటే యజమాని. డేంజర్ అంటే మొదట్లో దొరతనం, ఒకడి మీద ఇంకొకడికున్న అధికారం. దొర తలుచుకుంటే ఏ హానైనా చెయ్యగలడు కాబట్టి రానురాను ఆ హానికే అది పేరైంది. పోర్షియా మాటని నేనైతే 'ఇతని గుప్పిట్లో ఉన్నావు కదా' అంటాను. అప్పుపడ్డవాడి స్థితికి ఇంతకంటే దగ్గరి తెలుగు నాకు తట్టలేదు.

మరి ఆ రోజుల్లో రిస్క్‌ని ఏమనేవారు? షేక్‌స్పియర్ రచనల్లో రిస్క్ అనే మాటే లేదు, అది ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చింది. అదే నాటకంలో పోర్షియాని పెళ్ళాడాలంటే మూడు పెట్టెల్లో సరైనదాన్ని ఎంచుకోవాలి. వాటిలో సీసపు పెట్టె మీద, నన్ను కోరుకునేవాడు తనకున్నదంతా 'హజార్డ్' చెయ్యాలని, అంటే పణంగా పెట్టాలని రాసి ఉంటుంది. హజార్డ్ అసలు ఒక పాచికలాట పేరు. ఛాన్స్ కూడా అంతే, 'పడటం' అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది, పాచిక ఎలా పడితే అలా. మనకి పాచిక 'పారుతుంది', వాళ్ళకి 'పడుతుంది'. ఇవాళ ముప్పు అనే అర్థంలో వాడే జెపర్డీ అయితే మొదట్లో ఇద్దరికీ గెలుపు అవకాశం సమానంగా ఉన్న ఆట. చదరంగంలో ఇచ్చే చిక్కు ఎత్తులనీ ఒకప్పుడు అలాగే పిలిచేవారు.

ఇక మన ప్రమాదం సంగతి. సంస్కృతంలో దాని అర్థం ఏమరుపాటు, పొరపాటు. 'ప్రమాదో ధీమతామపి' అంటే ఎంత తెలివైనవాళ్ళకైనా పొరపాటు తప్పదని, వాళ్ళకి యాక్సిడెంట్లు అవుతాయని కాదు. అంటే డేంజర్, ప్రమాదం రెండూ ఎక్కడెక్కడో బయలుదేరి మన డిక్షనరీలో ఒకే గడిలో కలిశాయి. నాకు ఈ విషయం భలే నచ్చింది. పేపర్లో 'ప్రమాదవశాత్తు కాలుజారి బావిలో పడ్డాడు' అని చదివినప్పుడు ఒకసారి ఆగి చూడండి, ఆ 'ప్రమాదం' ఇంకా ఏమరుపాటే.