గవర్నర్ బిల్లు తొక్కిపెడితే ఇప్పుడు గడువు ఉన్నట్టా, లేనట్టా?

సందేహాలరావు:
2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గవర్నర్లకు నెల, మూడు నెలలు అంటూ గడువులు పెట్టింది. 10 బిల్లులు ఆమోదం పొందినట్టే అని కూడా చెప్పేసింది. నవంబర్ 20న అదే కోర్టు గడువులు పెట్టడం కుదరదంది. ఏది చెల్లుతుంది? రాజకీయం వద్దు, రూల్ ఏంటో చెప్పండి ప్లీజ్.

నల్లకోటు:
మొదటిది ఇద్దరు జడ్జీల తీర్పు. రెండోది ఆర్టికల్ 143 కింద రాష్ట్రపతి అడిగిన 14 ప్రశ్నలకు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పిన అభిప్రాయం. పేరుకు సలహానే గానీ, రేపు ఏ కోర్టులో మీరు మూడు నెలల లెక్క ఎత్తినా అవతలి లాయరు తీసేది దీన్నే, కాబట్టి గడువులూ, కోర్టే ఆమోదం ఇచ్చేయడమూ రెండూ పోయాయనుకోండి. అలాగని గవర్నర్ బిల్లు మీద కూర్చోవచ్చని కాదు. ఆమోదించాలి, లేదా రాష్ట్రపతికి పంపాలి, లేదా అభ్యంతరాలు రాసి అసెంబ్లీకి తిప్పి పంపాలి (ద్రవ్య బిల్లుకు ఈ చివరిది లేదు). కారణం లేకుండా ఎటూ తేల్చకపోతే, ఏదో ఒకటి తేల్చమని కోర్టు ఆదేశించొచ్చు. ఏం తేల్చాలో మాత్రం చెప్పదు.

పాతపేపరు:
ఎన్నాళ్లు తేల్చకపోతే అండీ? గొడవంతా అక్కడే కదా. 2023లో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ బిల్లుల మీద సుప్రీంకోర్టుకు వెళ్తే, గవర్నర్ ఆమోదం గురించి చెప్పే ఆర్టికల్ 200లో ‘వీలైనంత త్వరగా’ అని ఉంది, దాన్ని మరవొద్దు అని చెప్పి కేసు ముగించారు. విన్నదెవరు? పంజాబ్, తమిళనాడు, కేరళ కూడా అదే కోర్టు మెట్లెక్కాయి. ఇకపై కూడా ప్రతి బిల్లుకీ ఢిల్లీ ప్రయాణమే, అసెంబ్లీకి ఉండేదేమో ఐదేళ్లు.

గట్టుమీద:
గడువు కావాలంటే పార్లమెంటు సవరణ చేయాలి. కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన పుంఛీ కమిషన్ 2010లోనే ఆరు నెలలంది, పట్టించుకున్న నాథుడు లేడు. ఇంకోటి, రాష్ట్రపతి ఆమోదానికి రాజ్యాంగ ముసాయిదాలో మొదట ఆరు వారాలని ఉండేది, దాన్ని తీసి ‘వీలైనంత త్వరగా’ అని పెట్టారు, రాజ్యాంగ సభ సభ్యుడు హెచ్.వి. కామత్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. కావాలని వదిలేసిన అంకెను ఇద్దరు జడ్జీలు రాసేస్తే ఎలా? రేపు ఇంకో ధర్మాసనం మీకు నచ్చనిది రాస్తే మీరే గోల పెడతారు.

పాతపేపరు:
సవరణ తేవాల్సింది కేంద్రం, గవర్నర్‌ను వేసేదీ కేంద్రమే. ఏ పార్టీ ఉన్నా తన చేతులు తనే కట్టేసుకుంటుందా బ్రదర్?

సందేహాలరావు:
మరి తమిళనాడు 10 చట్టాల సంగతి?

నల్లకోటు:
అవి గెజిట్‌లో వచ్చేశాయి. ఇలాంటి అభిప్రాయం అప్పీలు తీర్పులాగా పాత కేసును తిరగదోడదు, 2012లో 2జీ స్పెక్ట్రమ్ తీర్పు తర్వాత రాష్ట్రపతి ఇలాగే అభిప్రాయం అడిగినప్పుడూ కోర్టు ఇదే వైఖరి తీసుకుంది. కాకపోతే వాటిని ఎవరైనా సవాలు చేస్తే వాదన మొదలయ్యేది నవంబర్ అభిప్రాయంతోనే.