సమస్య: ఖండనమ్మె కాదె మండనమ్ము

నిర్వాహకుడు: వారం నుంచి 'కండెమ్' అనే ఇంగ్లీషు మాట బుర్రలో తిరుగుతోంది. గట్టిగా తప్పుపట్టడం ఒక్కటే అనుకున్నా గానీ శిక్ష వేయడం, ఇల్లు ఉండటానికి పనికిరాదని తేల్చేయడం, బతుకంతా ఇంతేనని విధి రాసిపెట్టడం, అన్నీ దాన్లోనే ఉన్నాయి. అందుకే ఈ పాదం, మీ పద్యం చివర ఇదే రావాలి ('మండనమ్ము' అంటే అలంకారం). ఆ మాట నీడైనా పడాలి మరి.

సానరాయి: మొదటి పూరణ నాదే.

రాయి కోయకున్న రవ్వగా మెఱయునే
పూట పూట సానఁ బెట్టవలయు
కవికిఁ గూడ నట్లె కఠినమౌ మాటల
ఖండనమ్మె కాదె మండనమ్ము

యతిమతి: 'మాటల' దగ్గర ఆగి సమస్యలోకి జారిన తీరు నిజంగా బాగుంది సానరాయి గారూ. కానీ రెండో పాదం చూసుకున్నారా, 'పూ'లో ఊత్వానికి 'బె'లో ఎత్వంతో యతేంటండీ, పాదం మొదటక్షరంతో అది కలవొద్దూ! 'పూట పూట' బదులు 'పేర్మితోడ' అంటే సరిపోయేది.

సానరాయి: తప్పే, 'పేర్మితోడ' తీసుకున్నా. అయితే పోయిన సమస్యలో 'మంచి ప్లాను' అని రాసి 'చి'ని గురువు చేసుకున్నది మీరే కదా, తెలుగు మాట తర్వాత ప్లా వచ్చినా వెనకది లఘువేనని నేనంటే రెండ్రోజులు వాదించారు, ఇప్పటికీ ఆ పద్యం దిద్దలేదు.

యతిమతి: అది ఇవాళే దిద్దుతా. ముందు ఇది చూడండి.

నష్టమన్న మాట నాటి లాటినులోన
నింద యయ్యె నాంగ్ల నేలయందు
పాడుబడిన యింటిపై వ్రాసి యుంచిన
ఖండనమ్మె కాదె మండనమ్ము

లాటిన్లో డామ్నమ్ అంటే నష్టం, జరిమానా. డ్యామేజ్, ఇండెమ్నిటీ ఆ ఇంటి పిల్లలే. కూలబోయే ఇంటి గోడ మీద 'కండెమ్డ్' అని రాశాక దానికి మిగిలిన నగ ఆ రాతే కదా.

కొత్తకలం: అబ్బ, ఆ గోడ కళ్లకు కట్టింది. ఖండన, కండెమ్ ఒకే మూలమా అక్కా?

పద్యప్రియ: కాదు తమ్ముడూ. ఖండన సంస్కృతం, ముక్కలు చేయడం. కండెమ్‌లో 'కం' ముందు తగిలించింది, అసలు సరుకు 'డెమ్'. చెవికి కలిశాయంతే. అర్థంలోనూ తేడా ఉంది, మనం 'వార్తను ఖండించారు' అంటే అది అబద్ధమన్నారని, 'దాడిని ఖండించారు' అంటే జరిగింది నిజమే గానీ ఘోరమన్నారని, కండెమ్ ఈ రెండోదానికే సరిపోతుంది, మొదటిదానికి వాడితే వాక్యం తలకిందులైపోతుంది.

సానరాయి: మరి సెన్షూర్? దాన్నీ ఖండనే అనేస్తున్నారు.

పద్యప్రియ: దానికి అభిశంసన నయం, సభ పద్ధతిగా చేసే పని అది. అలాగని గీత గట్టిగా ఉండదు, 1954 డిసెంబర్ 2న అమెరికా సెనేట్ 67–22 ఓట్లతో తన సభ్యుడు జోసెఫ్ మెకార్తీని సెన్షూర్ చేసిందని అందరం చెప్పుకుంటాం, తీర్మానంలో పడిన మాట మాత్రం కండెమ్. సరే, నా పూరణ. ఇంగ్లీషు స్పెల్లింగులో చివరున్న న-పొల్లు మీద:

క్రియగ నున్ననాఁడు కిమ్మన దా పొల్లు
నామమైన వేళ నాదమిచ్చు
మూగ యైన దాని ముచ్చటఁ దీర్చిన
ఖండనమ్మె కాదె మండనమ్ము

నిర్వాహకుడు: ఆహా! 'కండెమ్' అన్నప్పుడు పలకని 'న్' 'కండెమ్నేషన్' అనగానే నోరు విప్పుతుంది, దాన్ని పట్టుకున్నారు! నీడ కాదు, మాటే దిగింది. 'కిమ్మనదు' అక్కడ పడటం నాకు మరీ నచ్చింది.

యతిమతి: నాకూ. మూలం మీద అంత తిరిగాను, పక్కనే ఉన్న పొల్లు కనపడలేదు.

సానరాయి: పద్యప్రియ గారిదే ఈ వారం. యతిమతి గారూ, ఆ 'మంచి ప్లాను'?

యతిమతి: 'మంచి యూహ' అని మార్చా, చూడండి.

సానరాయి: ఇప్పుడు గణం ఒక మాత్ర తగ్గింది కదండీ.