టైటాన్ వాచీల ప్రకటన సంగీతం వయొలిన్ మీద వాయించాలి, స్వరాలు రాసివ్వగలరా?

మా అమ్మాయి కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోంది, వర్ణాల దాకా వచ్చింది. వచ్చే నెలలో వాళ్ల తాతయ్య ఎనభయ్యో పుట్టినరోజు. ఆయనకి టైటాన్ ప్రకటనలో వచ్చే ఆ సంగీతమంటే ప్రాణం. టీవీలో అది మొదలైతే చేతిలో పేపరు పక్కన పెట్టేస్తారు. ఆ రోజు అదే వాయించి వినిపించాలని దాని కోరిక.

ట్యూన్ మొజార్ట్‌ది అని తెలుసు. 1773లో, పదిహేడేళ్ల వయసులో ఆయన రాసిన 25వ సింఫనీ మొదటి భాగంలోది. ఆ వయసులో అంత గొప్పగా ఎలా రాశాడో! అసలు సింఫనీ కూడా విన్నాం. అది చాలా వేగంగా, ఉద్వేగంగా సాగుతుంది. ప్రకటనలో మాత్రం నింపాదిగా, మెత్తగా ఉంటుంది. మాకు కావాల్సింది ఈ రెండోదే.

స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య సంగీతాన్ని గీతల మీద రాసే పద్ధతి) చదవడం మా ఇద్దరికీ రాదు. సింఫనీ జి మైనర్ అనే పాశ్చాత్య స్కేల్‌లో ఉంది కాబట్టి జి స్వరాన్ని షడ్జమంగా (స) పెట్టుకున్నాం. నా చెవికి కీరవాణి రాగం ఛాయలు వినిపిస్తున్నాయి. మొదట్లో స, ప, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం దొరికాయి. ఆ తర్వాత పైకి ఎగిరే చోట పట్టు చిక్కట్లేదు, అక్కడే పాపకి టెన్షన్.

పాశ్చాత్య సంగీతం తెలిసినవాళ్లు ఎవరైనా ఆ భాగాన్ని సరిగమల్లో, ఏ స్థాయిలో వాయించాలో కూడా గుర్తు పెట్టి రాసివ్వగలరా? గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) వేస్తే ట్యూన్ అందం పోతుందని నాకనిపిస్తోంది. స్వరాలన్నీ తిన్నగానే పలికించమంటారా?