‘జనరల్ పవర్’ పెద్దదా, ‘స్పెషల్ పవర్’ పెద్దదా?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. విదేశంలో ఉంటున్న మా అన్నయ్య ఇక్కడి ఇంటిస్థలం అమ్మకం కోసం అమ్మ పేర స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ పంపుతున్నాడు. దానిని తెలుగులో చదివి వినిపించమని అమ్మ అడిగితే, శీర్షికను ‘ప్రత్యేక అధికార పత్రం’ అని చెప్పాను. ‘‘అయితే మామూలు దానికంటే ఎక్కువ అధికారమే ఇచ్చాడన్నమాట’’ అని ఆమె సంతోషించింది. నేను చెప్పిన మాట సరైనదేనా?

సమాధానం:

మీ మాట నిఘంటువు ప్రకారం సరైనదే, కానీ అమ్మగారికి అందిన అర్థం తలకిందులైంది. ఇందులో ఆమె పొరపాటేమీ లేదు. జనరల్ బోగీ, జనరల్ వార్డు అన్నప్పుడు తక్కువ సౌకర్యం, స్పెషల్ దర్శనం, స్పెషల్ భోజనం అన్నప్పుడు ఎక్కువ మర్యాద మన చెవికి అలవాటైపోయాయి. ఆ అలవాటుతోనే ఈ పత్రాల పేర్లు వింటే, జనరల్ పవర్ ఏదో నామమాత్రపుదని, స్పెషల్ పవర్ ఘనమైనదని తోచక మానదు. నిజానికి ఒక వ్యక్తి తన ఆస్తుల నిర్వహణ, అద్దెల వసూలు, అమ్మకాలు, కోర్టు వ్యవహారాలు వంటి అనేక పనులను మరొకరికి కలిపి అప్పగిస్తే అది జనరల్. ఫలానా స్థలం అమ్మకం వంటి ఒక్క పనికే పరిమితం చేస్తే అది స్పెషల్. ఇక్కడ జనరల్ అన్న మాటను జనరల్ మేనేజర్ అన్నప్పటి అర్థంలో తీసుకోవాలి. ఆయనను ‘సాధారణ మేనేజరు’ అని ఎవరూ అనుకోరు కదా!

ఈ చిక్కు ఇంగ్లీషుతోనే మొదలైందని కూడా చెప్పలేము. ఉర్దూలో ఈ పత్రాన్ని ముఖ్తార్‌నామా అంటారు, దానిని పొందినవారిలో ‘ముఖ్తారె ఆమ్’, ‘ముఖ్తారె ఖాస్’ అని రెండు రకాలు. ఢిల్లీ ఎర్రకోటలో దీవానె ఆమ్ జనులందరికీ దర్శనమిచ్చే కొలువైతే, దీవానె ఖాస్ ముఖ్యులకు మాత్రమే ప్రవేశమున్న మందిరం. అక్కడ ఖాస్ గొప్పది. దస్తావేజు దగ్గరికి వచ్చేసరికి అదే ఖాస్ చిన్నదవుతుంది. ముఖ్తార్ అంటే ఎంపికైనవాడు, అధికారం పొందినవాడు. ఇంగ్లీషు అటార్నీ కూడా ‘నియమితుడు’ అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చినదే కనుక, పవర్ పొందేవారు న్యాయవాదులే కానక్కరలేదు. న్యాయవాదికి మనం ఇచ్చేది వకాల్తా. అడగకుండానే ఒకరి తరఫున వాదించేవారిని ‘‘నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావు?’’ అని నిలదీయడం తెలుగువారికి కొత్త కాదు.

కనుక శీర్షికను ‘నిర్దిష్ట కార్య అధికార పత్రం’ అని, జనరల్ దానిని ‘సర్వకార్య అధికార పత్రం’ అని చెప్పడం మేలని నా అభిప్రాయం. అయితే ‘సర్వ’ అన్నంత మాత్రాన అన్నీ వచ్చేయవు. న్యాయస్థానాలు ఈ పత్రాలలో రాసిన మాటకే కట్టుబడి అర్థం చెబుతాయి. అమ్మే అధికారం ఇచ్చి, తాకట్టు పెట్టే అధికారం రాయకపోతే, తాకట్టు చెల్లకపోవచ్చు. మీ అన్నయ్య పత్రంలో విక్రయ దస్తావేజుపై సంతకం చేయడం, దానిని రిజిస్ట్రేషనుకు దాఖలు చేయడం, సొమ్ము పుచ్చుకొని రసీదు ఇవ్వడం విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం విదేశంలో నివసించేవారు దానిని అక్కడి నోటరీ ఎదుటనో, భారత కాన్సులేట్ అధికారి ఎదుటనో రాసి ధ్రువీకరింపజేయాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలలలోపు ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి.

ఒక సభ్యుని అభ్యంతరం:

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అంటే పల్లెలో కూడా అందరికీ తెలుసు. కొత్త మాటలు ఎందుకండీ?

సమాధానం:

మాట తెలుసు, నిజమే. కానీ దానితో మనం వాడే క్రియను గమనించండి. ‘ఇల్లు కొడుక్కి రాసిచ్చాడు’ అంటే ఇల్లు కొడుకుదైపోయింది. ‘పవర్ రాసిచ్చాడు’ అనేటప్పుడు కూడా అదే ‘రాసిచ్చు’ వాడతాము. బహుశా ఆ పోలికే ‘జీపీఏ మీద స్థలం కొన్నాను’ అనే మాటకు దారితీసి ఉంటుంది. 2011 అక్టోబర్ 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, అమ్మకపు ఒప్పందం, జీపీఏ, వీలునామాల ద్వారా చేసే బదిలీల వల్ల స్థిరాస్తిపై యాజమాన్యం సంక్రమించదని, అందుకు రిజిస్టరైన విక్రయ దస్తావేజు కావాలని స్పష్టం చేసింది. అదే తీర్పు కుటుంబ సభ్యులకు నిజాయతీగా ఇచ్చే పవర్‌ను, బిల్డర్లతో చేసుకునే డెవలప్‌మెంట్ ఒప్పందాలను తప్పుపట్టలేదు.

‘రద్దు చేయడానికి వీలులేని’ అన్న విశేషణమూ ఇటువంటిదే. ఆ మూడు ముక్కలు రాసినంత మాత్రాన పత్రం తిరుగులేనిది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 202వ సెక్షను ప్రకారం, పవర్ పొందినవారికి ఆ ఆస్తిలో స్వంత ప్రయోజనం ఉన్నప్పుడే, దానికి నష్టం కలిగేలా ఏజెన్సీని, అంటే ఒకరి తరఫున మరొకరు పనిచేసే ఏర్పాటును, ముగించకుండా రక్షణ దొరుకుతుంది. మామూలు పవర్, ఇచ్చినవారు మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ముగిసిపోతుంది.

అమెరికా నుంచి ఒక సభ్యురాలు:

ఇక్కడ మేము మా కోసం ‘డ్యూరబుల్ పవర్’ రాసుకుంటాము. దానిని తెలుగులో ఏమనాలి? ‘మన్నికైన’ అంటే చీర గుర్తుకువస్తోంది.

సమాధానం:

మంచి ప్రశ్న వేశారు, అమ్మా. అక్కడ డ్యూరబుల్ అన్నప్పుడు, ఇచ్చినవారు ఆలోచనాశక్తి కోల్పోయిన తరువాత కూడా పత్రం పనిచేస్తుందని అర్థం. ఇండియా కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షను సరిగ్గా అప్పుడే ఏజెన్సీ ముగుస్తుందని చెబుతుంది కనుక, మన దస్తావేజు లేఖరులకు ఆ మాటతో అవసరం పడలేదు, తెలుగు పేరూ పుట్టలేదు. ‘అశక్తతలోనూ చెల్లే అధికార పత్రం’ అని కాస్త పొడవుగానే అనవచ్చు. తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు అక్కడ ఉన్న ఇళ్లలో ఈ తేడాను మరింత జాగ్రత్తగా చెప్పవలసి ఉంటుంది. అక్కడి అలవాటు కొద్దీ నాన్నగారి జీపీఏ ఆయనకు జ్ఞాపకశక్తి పూర్తిగా పోయిన తరువాత కూడా ఇక్కడ చెల్లుతుందని అనుకునేవారు ఉన్నారు.