తుక్కు లారీల ఫొటో ప్రదర్శన: ప్రింట్ సైజు, పేపర్, లైట్లు?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో తుక్కు లారీలు విప్పడం, వాటి ఇరుసులతో ట్రాక్టర్ ట్రాలీలు కట్టడం మీద 20 ఫొటోలు ప్రదర్శనకు పెడుతున్నాను. కెమెరా 24 మెగాపిక్సెల్. 30×20 అంగుళాల ప్రింట్ వస్తుందా? గ్లాసీనా, మ్యాటా?

జవాబు 1: వస్తుందండి. 6000×4000 పిక్సెళ్లంటే ఆ సైజుకి అంగుళానికి 200. నాలుగడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు సరిపోతుంది. సగానికి సగం క్రాప్ చేసినవి మాత్రం 18×12 దాటించకండి. గ్లాసీ అసలొద్దు, గ్రీజు నలుపు మీద లైట్లన్నీ అద్దంలో కనపడ్డట్టు కనపడతాయి. మ్యాట్‌లో ఆ నలుపే బూడిదరంగుకి దిగిపోతుంది. ఆ రెండింటికీ మధ్యస్థంగా, కొద్దిపాటి మెరుపుతో ఉండే లస్టర్ పేపర్ తీసుకోండి. ముందు ఇంజన్ నీడలున్న ముక్కొకటి, కుదించకుండా, టెస్ట్ ప్రింట్ తీయించండి. ల్యాబ్ వాళ్ల ఐసీసీ ప్రొఫైల్ (వాళ్ల ప్రింటర్, పేపర్ మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) కూడా అడగండి.

జవాబు 2: తుప్పు రంగంతా లైటు చేతిలో ఉంటుంది. 3000 కెల్విన్ (లైటు రంగు కొలత) పసుపు లైటులో మరీ ఎర్రబడుతుంది, 6500 తెల్ల లైటులో చచ్చుబడిపోతుంది. 4000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే, 100కి లెక్కించే కొలత) 90 పైన ఉన్న స్పాట్‌లైట్లు గోడకు 30 డిగ్రీల కోణంలో పెట్టండి. ఫొటో మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాలు.

ఫోమ్ బోర్డు తేమకు వంగుతుంది, 3 మి.మీ. ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) మీద అతికించండి. అద్దం వేయిస్తే ప్రింట్‌కీ అద్దానికీ మధ్యలో మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ పెట్టే మందపాటి అట్ట చట్రం) తప్పనిసరి. ప్రింట్ అద్దానికి తగిలితే వానాకాలంలో అతుక్కుపోతుంది, విడదీస్తే పై పొర ఊడొస్తుంది.

జవాబు 3: నంబరు ప్లేట్లు, ఛాసిస్ నంబర్లు కనపడకుండా చూడండి. వెల్డర్ల ముఖాలుంటే వాళ్లనడిగి ఒప్పుకున్నాకే పెట్టండి. క్యాప్షన్‌లో ఏ బండి భాగం దేనికి వాడారో రాయండి, చూసేవాళ్లకు కావలసింది అదే.