65537 తర్వాత ఇంకో ఫెర్మా ప్రైమ్ ఉందా? 4294967297 చూశాక కూడా ఐదే అని ఎలా అంటారు?

రూట్‌టూ:
ఫెర్మా ప్రైమ్స్ ఐదే అని అందరూ తేల్చేసినట్టు మాట్లాడుతున్నారు, నాకు అస్సలు నచ్చట్లేదు. కొత్తవాళ్ళ కోసం: 2^1, 2^2, 2^4, 2^8, 2^16, వీటికి 1 కలిపితే 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రైమ్సే. 1640లో ఫెర్మా ఇవి చూసి ఇలాంటివన్నీ ప్రైమ్సే అని గట్టిగా నమ్మాడు. తర్వాతది 2^32+1, అంటే 4,29,49,67,297. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 67,00,417 అని విడగొట్టేశాడు. ఇలా ఘాతం ప్రతిసారీ డబుల్ అయ్యే ఈ వరసలోవాటిని ఫెర్మా నంబర్లు అంటారు, 3ని ఎఫ్0, 5ని ఎఫ్1 అని లెక్కేస్తే ఈ 2^32+1 ఎఫ్5. దాని నుంచి ఎఫ్32 దాకా 28 చూశారు, ఒక్కటీ ప్రైమ్ కాదు. ఐదు చూసి అన్నీ అంతే అనడం తప్పైతే 28 చూసి ఇంక లేవు అనడం మాత్రం ఎలా కరెక్ట్?

శేషం_సున్నా:
రెండూ ఒక్కటెట్ల అయితయ్ అన్నా? ఫెర్మా దగ్గర కారణం లేకుండె, మన దగ్గర ఉంది. ఎన్ అంత పెద్ద నంబర్ ప్రైమ్ అయ్యే ఛాన్స్ దాదాపు దాని లాగరిథమ్‌ల ఒక వంతు, ఇక్కడ ఒక్కో మెట్టుకి అంకెలు డబుల్ అయితుంటే ఛాన్స్ సగం సగం పడిపోతది. ఎఫ్33 నుంచి చివరిదాంక అన్నీ కూడినా 300 కోట్లల్ల ఒకటి వస్తది.

రూట్‌టూ:
ఆ లెక్క ఏదో ఒక నంబర్‌ని గుడ్డిగా తీసుకుంటే తమ్ముడూ. 4294967297నే చూడు, దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా 128తో భాగిస్తే 1 మిగలాలి. అంటే 129, 257, 385, 513, 641 ఇలా వెళ్ళాలి, వీటిలో ప్రైమ్స్ 257, 641 రెండే. 257తో శేషం 2, 641తో సున్నా. రెండే రెండు భాగహారాలు! మామూలు పదంకెల నంబరైతే ఆరు వేల పైచిలుకు ప్రైమ్స్‌తో చెక్ చేయాల్సి రావొచ్చు. 3, 7, 11 లాంటివి దీని దరిదాపులకే రావు, అలాంటప్పుడు ఛాన్స్ పెరగదా?

శేషం_సున్నా:
పెరుగుతది, కాదంటలేను. ఎఫ్33 కారణాంకాలు 2^35తో భాగిస్తే 1 మిగలాలె, చిన్న ప్రైమ్స్ అన్నీ పోయినయ్ అనుకొని ఛాన్స్ నలభై రెట్లు పెంచుకో, అయినా కోట్లల్ల ఒకటే.

లెక్కల_టీచరమ్మ:
641 సంగతి పదో తరగతి పిల్లలతో బోర్డు మీదే చేయించొచ్చండి, కాలిక్యులేటర్ అక్కర్లేదు. 641 = 5×2^7 + 1, కాబట్టి 641తో భాగిస్తే 5×2^7 శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే 5^4×2^28 శేషం 1. ఇంకోపక్క 641 = 625+16, అంటే 5^4 బదులు −2^4 పెట్టొచ్చు. పెడితే −2^32 శేషం 1, అంటే 2^32+1 నిశ్శేషంగా పోతుంది! ఇక మీ వాదన విషయానికొస్తే, బాబూ, ఛాన్స్ ఎంత తక్కువైనా నిరూపణ కాదు. ఫెర్మా నంబర్లలో ప్రైమ్ కానివి అనంతంగా ఉన్నాయని కూడా ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. అదే తెలీనప్పుడు "ఐదే" అని పాఠంలో రాయనివ్వను, "తెలిసినవి ఐదు" అనే రాయిస్తాను.

శేషం_సున్నా:
మేడమ్, పాఠంల అట్లనే రాయాలె, నేనూ అదే అంట. కానీ పందెం కాయమంటే ఐదు మీదనే కాస్త. ఎఫ్33కి 258 కోట్ల పైన అంకెలున్నయ్, డైరెక్ట్‌గ టెస్ట్ చేసే పరిస్థితి ఇప్పట్ల లేదు, 2^35 గుణిజాలకి 1 కలుపుకుంట ఒక కారణాంకం దొరుకుతదేమో అని వెతుకుడే.

రూట్‌టూ:
దొరక్కపోతే? ఎఫ్20 ప్రైమ్ కాదని 1987లోనే తేలింది, ఒక్క కారణాంకం కూడా ఇప్పటిదాకా చేతికి రాలేదు.