గూడు కాస్తున్న బాస్ చేపకి ఫ్లై (ఈకలు, దారాలతో కట్టిన నకిలీ ఎర) వేయడం సరైనదేనా?

మడుగు_నీడ:
వసంతంలో మోకాలి లోతు నీళ్లలో, అడుగున పళ్లెంలా శుభ్రంగా ఊడ్చిన చోట్లు కనిపిస్తాయి. అవి లార్జ్‌మౌత్ బాస్ గూళ్లు. నీళ్లు సుమారు 15 డిగ్రీలు దాటాక మగచేప తోకతో ఊడ్చి వాటిని సిద్ధం చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, కాపలా అంతా తండ్రిదే. నీటి మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే ఆ చేప కళ్లెదుటే నిలబడి ఉంటుంది. పట్టి వదిలేస్తే నష్టమేముంది అని పోయిన వారం దాకా నేనూ వాదించాను.

పోయిన వారం ఒక గూటి మీదకి వూలీ బగ్గర్ అనే ఫ్లై వేశాను. రెండుసార్లు ఫ్లైని పెదాలతో పట్టుకుని, పక్కకి మోసుకెళ్లి ఉమ్మేసింది. ఆకలి కాదది, ఇంట్లోంచి చెత్త తీసి పారేసినట్టుంది. మూడోసారి తగులుకుంది. ఊడ్చి ఊడ్చి తోక అంచు చీలికలైపోయింది. నేను హుక్ తీసేలోపే నాలుగైదు బ్లూగిల్ అనే చిన్న చేపలు గూట్లో తలలు దించి గుడ్లు తింటున్నాయి. అప్పట్నుంచి నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

చిన్నగాలం:
మీ బాధ అర్థమైంది అన్నా. కానీ ఒక గూడు పోతే చెరువు ఖాళీ అయిపోదు. ఒక్కో గూట్లో వేల గుడ్లుంటాయి. పిల్లలు తగ్గితే మిగిలినవాటికి తిండి ఎక్కువ దొరికి బాగా ఎదుగుతాయి. టెక్సాస్‌లో బాస్ పట్టడానికి ఏడాదంతా అనుమతే, అయినా పెద్ద చేపలకి ఆ రాష్ట్రానికి పేరు.

తూటిగట్టు:
టెక్సాస్ లెక్క కెనడాలోని ఒంటారియోకి పనికిరాదండీ. ఉత్తరాన వేసవి చిన్నది. గూడు పోయి మళ్లీ పెట్టిన గుడ్ల నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్ల, చలికాలం తట్టుకునేంత ఎదగలేకపోవచ్చు. దక్షిణ ఒంటారియోలో చాలాచోట్ల బాస్ సీజన్ జూన్‌లో గానీ తెరవరు, ఊరికే కాదు.

ఇంకో మాట. వదిలేశాం కదా అనుకుంటాం. అలసిన మగచేప తిరిగొచ్చేసరికి గుడ్లు సగం పోయి ఉంటే, ఆ గూటినే వదిలేసి వెళ్లిపోవచ్చు. మనం కాపాడింది చేపని, పోగొట్టింది దాని సంతానాన్ని. ఫ్లై వేయాలనుంటే గుడ్లు పెట్టకముందు లోతు అంచున వేయండి, లేదా పిల్లలు చెదిరిపోయాక పాపర్ (నీటి మీద తేలే ఎర) వేయండి. నీటి మీద చేప దాన్ని పేలినట్టు కొడుతుంటే గూటి మీద వేట గుర్తుకే రాదు.

చిన్నగాలం:
చలి ప్రాంతాల సంగతి ఒప్పుకుంటాను. కానీ నీళ్లు మసకగా ఉంటే గూడు కనపడదే, తెలియక తగిలితే?

మడుగు_నీడ:
బెదిరించినా పారిపోకుండా అదే చోటికి తిరిగొస్తోందంటే అది కాపలా చేపే. లైన్ చుట్టేసి పక్కకి జరగండి. ముందే తగులుకుంటే, బలమైన టిప్పెట్‌తో (ఫ్లై కట్టే చివరి దారంతో) త్వరగా లాగి, నీళ్లలోనే హుక్ తీసి, పట్టిన చోటే వదలండి. ఫోటో కోసం పడవలో అవతలికి తీసుకెళ్లకండి. ఆ కాసేపట్లోనే బ్లూగిల్‌లు గూట్లో దూరతాయి.